ఎలిజబెత్ పెద్దమ్మ ఐదో నక్షత్రం

చెన్నై నుంచి మెసేజ్ వచ్చిన క్షణాన షాలిని చేతుల్లో బొరుగుల ఉగ్గాని గిన్నె ఉంది, కళ్ళ ముందు యుద్ధం ఉంది.

యుద్ధం బీరువా పై అర కోసం. నిన్న సాయంత్రం ఆళ్లగడ్డ నుంచి వచ్చిన అత్త సువార్తమ్మ కాళ్ళయినా కడుక్కోకముందే మొదలుపెట్టింది. ఆ అరలో కొత్తకోడలి పట్టుచీరలు ఉండాలని ఆమె పట్టుదల. నలభై ఏళ్ళుగా అక్కడ తన రష్యా స్టాంపుల ఆల్బం ఉంటోందనీ, ఇకముందూ ఉంటుందనీ మామ నరసింహులు పంతం.

“పెండ్లయి రెండు నెల్లాయె. పిల్ల చీరలు ఇంగా సూట్‌కేసులోనే ముక్కిపోతాండాయి. ఆ కాగితం బిళ్ళలకేమో బీరువా!”

“బిళ్ళలు కాదు, స్టాంపులు.”

“ఏవైతే ఏంది? ఉత్తరానికి అంటిస్తే పోవు, అంగట్లో పెడితే అమ్ముడుపోవు.”

“ఆల్బం ఆ అరలోంచి కదిలితే నేనూ ఈ ఇంట్లోంచి కదుల్తా.”

“యాడికి పోతావప్పా? రష్యాకా? ఆ గలీనమ్మ కాడికా?”

గలీనా పేరు వస్తే మామ నోరు మూతపడుతుందని షాలిని కాపురానికొచ్చిన మొదటి వారంలోనే నేర్చుకుంది. మామ కాలేజీలో చదివే రోజుల్లో లెనిన్‌గ్రాడ్ నుంచి ఆయనకు ఉత్తరాలు రాసిన టీచరమ్మ గలీనా. ఆమె ప్రతి ఉత్తరంలోనూ నాలుగు స్టాంపులు పెట్టి పంపేది. ఈయన మహానంది బొమ్మ కార్డులు పంపేవాడు. అంతే కథ. ఆ అంతేను అత్త మాత్రం ఒప్పుకోదు.

నిజం చెప్పాలంటే ఈ పోట్లాట కూడా షాలినికి ముద్దుగానే ఉంది. ఆమె పుట్టి పెరిగింది సున్నిపెంట డ్యామ్ క్వార్టర్లలో. అక్కడ ఇళ్ళన్నీ ఒకేలా ఉంటాయి, అరలు కూడా ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఒక్కొక్క అరకూ ఒక చరిత్ర. ఆ అర మీద హక్కున్న కొత్తమనిషి తానని తలుచుకున్నప్పుడల్లా ఆమెకు లోలోపల గిలిగింతలు పెట్టినట్టవుతుంది.

ఫోన్ మోగింది. ఉగ్గాని గిన్నె కింద పెట్టి చూసింది. చదివింది. మళ్ళీ చదివింది. తర్వాత కేక వేసింది.

“మామా! మీ దాంట్లో గొప్ప స్టాంపు ఉందంట!”

ఆ కేకకు స్నానాలగది తలుపు తెరుచుకుని షాలిని భర్త వినయ్ బయటికొచ్చాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నిండా నురగ.

పది రోజుల కిందట, అత్త ఇంకా ఆళ్లగడ్డకు బయల్దేరకముందు, షాలిని ఎవరికీ చెప్పకుండా ఆల్బంలో ప్రతి పేజీనీ ఫోటో తీసి చెన్నైలో స్టాంపులు కొని అమ్మే రంగరాజన్ అనే పెద్దాయనకు పంపింది. మామను ఒక్కసారి సంతోషపెట్టాలని, అంతే. ఆయన జవాబు ఇప్పుడొచ్చింది.

“పదమూడో పేజీ, కింది వరస, రెండో స్టాంపు అంట మామా. పంతొమ్మిది వందల ముప్పై ఐదు నాటి విమాన తపాలాది. దాని మీద ఎర్ర అక్షరాలు తలకిందులుగా పడినాయంట. నకిలీలు చాలా ఉంటాయి, కానీ అసలుదైతే ఎన్నడో గానీ కనపడదంట. ఎవురూ చేత్తో ముట్టగాకండి, ఎల్లుండి నేనే నంద్యాలకు వచ్చి చూస్తానంటాండాడు.”

నరసింహులు మంచం మీద కూర్చున్నాడు. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరైన మనిషి, పిల్లాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు.

“ఇంగోసారి చదువమ్మా.”

చదివింది.

“ఆ ‘ఎన్నడో గానీ కనపడదు’ అనే కాడ కొంచెం గట్టిగా చదువు. వంటింట్లోకి వినపడాల.”

వంటింట్లోంచి మిరపకాయ బజ్జీలు నూనెలో చిటపటమన్నాయి. మాట మాత్రం రాలేదు. యుద్ధం మధ్యలోనే అత్త అక్కడికెప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించలేదు.

మామకు మాత్రం హుషారు పుట్టుకొచ్చింది.

“ఆ విమానం మాస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా అమెరికాకు పోవాల. దాంట్లో పోయే ఉత్తరాల కోసమని, అంతకుముందే ఉన్న పైలట్ బొమ్మ స్టాంపు మీద ఎర్రగా కొత్త అచ్చు వేసినారు. అచ్చేసేవాడు కొన్ని షీట్లు తిరగేసి పెట్టినాడు. అట్ల పుట్టింది ఇది. గలీ... ఆ టీచరమ్మ వాళ్ళ నాయన పోస్టాఫీసులో పనిచేసెటోడు. ఆయన దాచుకున్నది.”

“విమానం అమెరికాకు చేరిందా నాయనా?” అన్నాడు వినయ్.

“లేదురా. దోవలో ఆయిలు కారి వెనక్కి మళ్ళింది.”

“పోనే పోని బండికి టికెట్టా!” అంది వంటింట్లోంచి అత్త గొంతు. కానీ ఆ గొంతులో రోజూ ఉండే కారం లేదు. షాలినికి అది కొంచెం వింతగా తోచింది.

మామ చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. తెల్ల తువ్వాలు మంచం మీద పరిచి, బీరువాలోంచి ఆల్బం దించి దాని మీద పెట్టాడు. షాలిని తన కనుబొమ్మల ప్లక్కర్ తెచ్చి, డెట్టాల్‌తో తుడిచి, ఆపరేషన్ గదిలో నర్సులా పక్కన నిలబడింది. ముగ్గురూ ఆల్బం మీదికి వంగారు. మామ ఒక్కొక్క పేజీ తిప్పాడు. గగారిన్ నవ్వుతున్నాడు. అంతరిక్షానికి పోయిన కుక్కపిల్ల చెవులు నిక్కించింది. రాకెట్లు నిప్పులు కక్కుతున్నాయి. పది. పదకొండు. పన్నెండు.

పదమూడో పేజీలో కింది వరస పళ్ళూడిన నోటిలా ఉంది.

వంటింట్లోంచి బజ్జీ మాడిన వాసన వచ్చింది.

మామ పేజీని వెలుతురుకు పెట్టి చూశాడు. తువ్వాలు దులిపాడు. మంచం కింద వంగి చూశాడు. లేచి, వంటింటి వైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

“సువార్తా. యాడుంది?”

సువార్తమ్మ చిల్లిగరిటె చేత్తో పట్టుకునే గడప దగ్గరికి వచ్చింది.

“ఏదీ... ఆ తలకిందుల బిళ్ళనా?”

“ఆ తలకిందుల బిళ్ళే.”

“ఆళ్లగడ్డలో ఉండాది.”

విషయం ఒక్కసారిగా బయటికి రాలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. వేసవి సెలవుల్లో చర్చి పిల్లలకు ఐదు రోజులు బైబిలు బడి పెడతారు. ఈ ఏడు తన పుట్టినూరు ఆళ్లగడ్డలో దాన్ని నడిపింది సువార్తమ్మే. కథ చెప్పేటప్పుడు బోర్డుకు అంటించే ఫ్లానెల్ గుడ్డ బొమ్మలు నలగకుండా ఉండాలంటే బరువైన పుస్తకం కావాలి. ఇంట్లో అంత బరువైంది ఆల్బమే. అందుకని దాన్ని సంచిలో వేసుకుని, బీరువాకు తాళం పెట్టి, తాళంచెవి కొంగుకు కట్టుకుని పోయింది. నిన్న రాగానే ఎవరూ చూడకుండా మళ్ళీ అరలో పెట్టేసింది.

“అంటే అయిదు రోజులూ నేను ఖాళీ బీరువాకు కాపలా కాసినానా?” అన్నాడు మామ.

“నేనేమన్నా కాయమన్నానా?”

బడికొచ్చిన పిల్లలకు తలా ఒక అట్ట ముక్క ఇస్తారు. వచ్చిన రోజుకొక బంగారు రంగు నక్షత్రం దాని మీద అంటిస్తారు. అదే హాజరు. ఆఖరి రోజున నక్షత్రాలు అయిపోయాయి. ఆదివారం నాడు అంగళ్ళు లేవు. చేతిలో ఆల్బం ఉంది.

“పిల్లకాయలు కార్డులు చాపి నిలబడినారు. ఉత్త చేతుల్తో పంపమంటావా? కొన్ని పీకి అంటించినా.”

“దేంతో?” మామ గొంతు సన్నగా పలికింది. “దేంతో అంటించినావు?”

“అన్నం మెతుకుతో.”

మామ కళ్ళు మూసుకున్నాడు. వినయ్ నురగ చెంప మీద చెయ్యి వేసుకున్నాడు.

“అంత మొగం పెట్టాల్సిన పని లేదప్పా. నేనేమన్నా తెలివిలేందాన్నా? నీకు ఇష్టమైనవి ఒక్కటి ముట్టలే. కుక్కపిల్లను ముట్టలే, రాకెట్లు ముట్టలే. చెడిపోయినవి, మాసిపోయినవి ఏరి ఏరి తీసినా. అదైతే అచ్చే తప్పు. తప్పు అచ్చును దాచిపెట్టుకుంటే ఏమొస్తాదని...”

“ఆ తప్పే దాని గొప్ప!”

“ఈ మాట నలభై ఏండ్లలో ఒక్క పొద్దన్నా చెప్పినావా?”

“నువ్వు ఒక్క పొద్దన్నా ఇన్నావా?”

అక్కడితో మామ భార్యతో మాట్లాడటం మానేశాడు.

మానేశాడంటే నోరు ఆగలేదు. మాటలన్నీ షాలిని మీదుగా దారి మళ్ళాయి. ముగ్గురూ ఒకే గదిలో, ఒకే చాప మీద కూర్చుని ఉగ్గాని తింటున్నారు.

“షాలినీ, మీ అత్తకు చెప్పు, ఉగ్గానిలో ఉప్పు తక్కువయిందని.”

“మ్మే షాలినీ, మీ మామకు చెప్పు, ఉప్పు డబ్బా ఆయన మోకాలి కాడనే ఉండాదని.”

షాలిని మొదట రెండు మాటలూ నిజంగానే చేరవేసింది. మూడోసారి నవ్వు ఆపుకోలేక పొలమారింది. అత్తా మామా ఇద్దరూ ఒకేసారి ఆమె నెత్తి మీద తట్టారు. చేతులు తగిలాయి. ఇద్దరూ గబుక్కున వెనక్కి తీసుకున్నారు.

నవ్వు తగ్గాక షాలినికి దిగులు పట్టుకుంది. ఫోటోలు పంపింది తను. పంపకపోతే ఈ ఇంట్లో ఎప్పటిలాగే బీరువా అర గురించి ముచ్చటగా పోట్లాడుకునేవారు. వచ్చే ఆదివారం అత్తమామల పెళ్ళయి నలభై ఏళ్ళు నిండుతాయి. పాస్టర్‌గారు ఇంటికొచ్చి ప్రార్థన చేస్తారు, కేకు కోయాలి. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరి చేత ఒకే చాకు ఎలా పట్టించడం?

వినయ్‌కు మాత్రం దిగులు లేదు. తను పనిచేసే విత్తనాల కంపెనీకి ఫోన్ చేసి సెలవు పెట్టాడు. సగం గడ్డంతోనే కూర్చుని సెల్‌లో చదవడం మొదలుపెట్టాడు.

“షాలూ, ఇది విన్నావా? రష్యావాళ్ళ మొదటి స్టాంపు పద్దెనిమిది వందల యాభై ఏడులో వచ్చిందంట. చుట్టూ చిల్లులు కూడా ఉండవు, కత్తెరతో కత్తిరించుకోవాలంట. దాని మీద రెండు తలల గద్ద.”

“గండభేరుండమా?” అంది అత్త, కోపం మరచిపోయి.

“అట్లాంటిదే మ్మా. జిల్లాకొక స్టాంపు కూడా ఉండేదంట వాళ్ళకు, ఊర్ల తపాలా కోసం. ఒకప్పుడు దేశం దాటిపోయినవన్నీ ఇప్పుడు అక్కడి డబ్బున్నోళ్ళే వేలంపాటల్లో తిరిగి కొంటాండారంట. బంగారం, ప్లాట్లు ఏం పనికొస్తాయి? జేబులో పెట్టుకుని పోగలిగే ఆస్తి ఇది! వానకు తడవకుంటే చాలు.”

“మెతుక్కు తగలకుంటే చాలు,” అన్నాడు మామ గోడతో.

“అయితే అన్నీ ధర పలకవు నాయనా. లక్షలు లక్షలు అచ్చేసినవాటికి విలువ లేదు. మన గగారిన్, రాకెట్లు, ఆ కుక్కపిల్ల... అన్నీ కలిపి అమ్మినా బస్టాండులో నలుగురి టీ ఖర్చు రాదని రాసినారు.”

మామ ఒళ్ళో ఉన్న ఆల్బం మూశాడు. మూసిన అట్ట మీద అరచెయ్యి పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. షాలినికి మొగుడి నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది.

ఆ పని అత్త నోటితో చేసింది.

“ఎవుడ్రా రాసింది? వాని మొగం! ఆ కుక్కపిల్ల మాదిరి కుక్కపిల్ల యాడన్నా ఉందా? నలభై ఏండ్లు చూస్తాండా, ఒక్క వెంట్రుక రంగు దిగలే. నీకు చిన్నప్పుడు జ్వరమొస్తే ఆ రాకెట్ చూపిస్తే గానీ మందు తాగెటోనివి కాదు. టీ ఖర్చంట, టీ ఖర్చు! ఫో, పొయ్యి ఆ మిగిలిన గడ్డం గీసుకో!”

మామ కిటికీ వైపే చూస్తున్నాడు. కానీ ఆయన చెవులు ఇటే ఉన్నాయని షాలినికి తెలుసు. నలభై ఏళ్ళలో అత్త ఆ ఆల్బం గురించి మంచిమాట అనడం ఇదే మొదటిసారి అయి ఉంటుందని కూడా అనిపించింది. అత్తకు మాత్రం అది తెలిసినట్టు లేదు.

ఇదే అదను అనుకుంది షాలిని.

“అత్తా, ఆ తలకిందులది ఏ పిల్ల కార్డుకు అంటించినారు? గుర్తుందా?”

అత్త కొంగు చివర వేలికి చుట్టుకుంది.

“పిల్ల కాదు మ్మే. మా అక్క.”

“ఎలిజబెత్ పెద్దమ్మా?” వినయ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. “డెబ్బై దాటిన మనిషికి హాజరు కార్డేంది?”

“నేనూ అదే అడిగినా. చాప మీద పిల్లకాయల మధ్యన కూర్చుని, నాకూ కార్డు కావాలన్నది. ఐదు రోజులూ అందరికంటే ముందే వచ్చింది.”

ఫోన్ స్పీకరులో పెట్టి చాప మధ్యన ఉంచారు. అవతల రెండో మోతకే పెద్దమ్మ గొంతు పలికింది.

“చేరినావా? నిన్న చేరితే ఈ పొద్దా చెప్పేది?”

“అక్కా, నీ కార్డు జాగ్రత్తగా ఉందా?”

“బైబిల్లో పెట్టినా. యాలకు అడుగుతాండావు?”

“ఆ అయిదో నక్షత్రం... ఎర్ర అక్షరాలుండే బిళ్ళ... అక్షరాలు తలకిందులుగానే ఉండాయా?”

“తలకిందులుగా యాడుండాయి? అక్షరాలు నిటారుగా ఉండాయి. మనిషే తలకిందులుగా ఉండాడు.”

సువార్తమ్మ మామ వైపు చూడకుండా గొణిగింది. “అక్షరాలు సరిగ్గా కనపడాలని నేనే తిప్పి అంటించినా.”

మామ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో షాలినికి తెలియలేదు.

“రేపు దాన్ని లామినేషన్‌కు ఇస్తాండాలే,” అంది పెద్దమ్మ. “బస్టాండు కాడ జెరాక్సు షాపులో. ఈ పొద్దు కరెంటు లేదన్నాడు.”

“వద్దు!” నలుగురూ ఒకేసారి అన్నారు. వేడి యంత్రంలో, ప్లాస్టిక్ పొరల మధ్య నలిగితే ఆ స్టాంపు మళ్ళీ స్టాంపు కాదు.

“ఎవురెవురుండారాడ? ఏంది కథ?”

వినయ్ తల అడ్డంగా ఊపాడు, చెప్పొద్దని. సువార్తమ్మ కొడుకును చూసింది, మొగుణ్ణి చూసింది, చెప్పేసింది.

“అక్కా, ఆ బిళ్ళ మా ఆయనది. అడక్కుండా తీసినా. అది శానా విలువైందంట. తప్పు నాదే. నువ్వు దాన్ని పీకి...”

“పీకనుమ్మే.”

“అక్కా...”

“పీకితే నేను అయిదో రోజు రానట్టే కదా? వచ్చినా గదా నేను!” పెద్దమ్మ గొంతు కొంచెం తగ్గింది. “చిన్నప్పుడు నిన్ను సంకనేసుకుని సండే స్కూలు కాడ దించి, అమ్మకు బియ్యం కడగాలని వాపసు పరిగెత్తేదాన్ని. నీకు కార్డు నిండా నక్షత్రాలు. నాకు కార్డే లేదు. ఇప్పుడొచ్చింది.”

షాలిని కళ్ళు చెమర్చాయి. ఆ స్టాంపు విలువ సంగతి ఒక్క నిమిషం పాటు ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు, వినయ్‌తో సహా.

తర్వాత పెద్దమ్మే గొంతు సవరించుకుంది.

“మరిదిది అంటాండావు గదా, ఆయన్నే రమ్మను. నలభై ఏండ్లాయె మా గడప తొక్కి. పెండ్లిలో ఆ బిళ్ళల పుస్తకం దాచి నవ్వులాట ఆడినానని అలిగిన మనిషి. వచ్చి ఊరికే అడిగితే కాదు. మేం పిల్లకాయలం ఐదు బైబిలు వాక్యాలు కంఠతా పెట్టినాం. ఆయన నా ముందర కూర్చుని ఐదూ అప్పజెప్పాల. అప్పుడు ఆలోచిస్తా. రేపు షాపు తెరిచే లోపల రాకుంటే, లామినేషనే.”

ఫోన్ పెట్టేసింది.

“పోను,” అన్నాడు మామ, ఎవరితోనో తెలియకుండా. లేచి వరండాలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే వచ్చాడు గానీ మాట్లాడలేదు. షాలిని మీదుగా కూడా మాట్లాడలేదు. అదే ఆమెను భయపెట్టింది. ఉప్పు గురించైనా ఏదో ఒకటి అంటే బాగుండును.

సాయంత్రం టీ పెట్టి వరండాలోకి తీసుకుపోయింది. మామ ఒళ్ళో ఆల్బం తెరిచి ఉంది, కుక్కపిల్ల పేజీ. ఆయన వేలు ఒక్కొక్క స్టాంపు అంచు తడుముతోంది.

“అన్నీ ఉండాయి షాలినీ,” అన్నాడు నెమ్మదిగా. “నాకు ఇష్టమైనవి ఏవో ఆమెకెట్ల తెలుసు? నేను ఎన్నడూ చెప్పలే.”

షాలిని టీ గ్లాసు ఆయన చేతికిచ్చి, రెండో గ్లాసు పక్కన ఖాళీ కుర్చీ మీద పెట్టి, లోపలికి నడిచింది. గుమ్మం దాటాక కిటికీ పక్కన ఆగింది. అది తప్పని ఆమెకు తెలుసు. అయినా ఆగింది.

“సువార్తా!” అని పిలిచాడు మామ. పొద్దుటి నుంచి మొదటిసారి, నేరుగా.

అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“రేపు ఫస్టు బస్సుకు ఆళ్లగడ్డ పోతాండాం. నువ్వూ నేనూ పిల్లా. ఇప్పుడే అంగడికి పోయి బంగారు నక్షత్రాల ప్యాకెట్టు తెచ్చుకో. వదిన ఇచ్చినా ఇయ్యకపోయినా, ఆమె కార్డులో అయిదో గడి ఖాళీ ఉండకూడదు.”

“నేనో?” అన్నాడు లోపల్నుంచి వినయ్.

“నువ్వు గడ్డం గీసుకో.”

“ఆల్బం?” అంది అత్త.

“అదీ వస్తాది. ఈసారి ఎవురూ దాచే పని లేకుండా, నేనే ఆమె చేతికి ఇస్తా. కావాల్సినంత సేపు చూసుకోనీ.” టీ ఒక గుక్క తాగి బీరువా వైపు తల తిప్పాడు. “రేపంతా ఆ అర ఖాళీ. పిల్ల చీరలు సర్దు.”

సువార్తమ్మ ఖాళీ కుర్చీ మీది గ్లాసు తీసి చేత పట్టుకుని కూర్చుంది.

“ముందు మొదటి వాక్యం చెప్పు చూద్దాం,” అంది.

మామ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. నాలుగు మాటలు రాగానే అత్త ఆపింది.

“తప్పు. మళ్ళీ మొదట్నుంచి.”